హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అయ్యింది, మళ్లీ ఆట ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 33 ఏళ్లు. పన్నెండు రోజుల క్రితం ఎఫ్‌యూఈ పద్ధతిలో, అంటే తల వెనక నుంచి కుదుళ్లని ఒక్కొక్కటిగా తీసి నాటే పద్ధతిలో, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాను. తల ముందు భాగంలో 2,200 గ్రాఫ్ట్‌లు (అలా తీసిన కుదుళ్లు) పెట్టారు. వారానికి నాలుగు రోజులు బ్యాడ్మింటన్ ఆడతాను, మిగతా రోజులు జిమ్. క్లినిక్ వాళ్లు ఇచ్చిన కాగితంలో 'కొన్ని వారాలు ఎక్కువ శ్రమ వద్దు' అన్న ఒక్క ముక్కే ఉంది. ఒక ఫ్రెండేమో నెల రోజులు కదలొద్దంటాడు. ఇంకొకడు ఐదో రోజే జిమ్‌కి వెళ్లాడట, ఏమీ కాలేదట. ఉండబట్టలేక ఎనిమిదో రోజు ఇరవై నిమిషాలు జాగింగ్ చేశాను. చెమట బాగా పట్టింది. ఆ మర్నాటి నుంచి తలస్నానం చేసినప్పుడల్లా పొట్టి పొట్టి వెంట్రుకలు రాలుతున్నాయి. చెమటలో ఉండే ఉప్పు గ్రాఫ్ట్‌లని చంపేస్తుందని చదివాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇంకో మూడు వారాల్లో డబుల్స్ టోర్నమెంట్ ఉంది. నా పార్ట్‌నర్‌కి ఈ విషయం చెప్పలేదు కూడా. ఆడొచ్చా? జిమ్, స్విమ్మింగ్ ఎప్పటి నుంచి? కండబలం కోసం వాడే క్రియేటిన్ మానేయాలా?

సమాధానం: ముందు ఆ రాలుతున్న వెంట్రుకల సంగతి తేల్చేద్దాం. అది తేలితే గానీ మిగతాదేదీ మీకు ఎక్కదు.

రాలిన వాటిలో ఒకదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి వెలుతురులో చూడండి. పొట్టి వెంట్రుక, దాని చివర ఎండిన పక్కు ముక్కో, సూదిమొనంత తెల్లటి బొడిపో ఉంటే కంగారు పడాల్సిన పని లేదు. గ్రాఫ్ట్ నిజంగా ఊడితే ఇలా ఉండదు. వెంట్రుక చుట్టూ తడిగా, మెత్తగా చిన్న కండ ముక్క అంటుకుని వస్తుంది, ఊడిన చోట నెత్తురు కనిపిస్తుంది. జాగింగ్ రోజున గానీ ఆ తర్వాత గానీ నెత్తురు కనిపించిందని మీరు రాయలేదు. కనిపించి ఉంటే అదే మొదటి వాక్యంగా రాసేవారు. కాబట్టి మీకు జరుగుతున్నది నాటిన వెంట్రుకలు మామూలుగా రాలడమే.

ఇది ఇంకా పెరుగుతుంది, ఆ మాట ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను. నాటిన వెంట్రుకల్లో చాలా భాగం రెండో వారం నుంచి ఎనిమిదో వారం లోపు రాలిపోతాయి. పైన వెంట్రుక పోతుంది, లోపల కుదురు అలాగే ఉండి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటుంది. మూడు నాలుగు నెలలకి కొత్త వెంట్రుక మొలవడం మొదలవుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది. అంటే మీ టోర్నమెంట్ నాటికి తల ఇవాళ్టి కంటే పల్చగా కనిపించే అవకాశమే ఎక్కువ. అప్పుడు అద్దంలో చూసుకుని 'ఆట వల్లే పోయింది' అనుకునేవాళ్లు చాలామంది. మీరు ఆడినా, ఇంట్లో కూర్చున్నా అవి ఎలాగూ రాలిపోయేవే.

ఇక ఎనిమిదో రోజు జాగింగ్. గ్రాఫ్ట్‌లు ఎన్ని రోజులకి గట్టిగా పట్టుకుంటాయో చూడటానికి వాటిని కావాలనే లాగి పరీక్షించిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది. మొదటి రెండు రోజుల్లో వెంట్రుక పట్టుకుని లాగితే గ్రాఫ్ట్ ఊడి వచ్చేసింది. ఆరో రోజుకి వెంట్రుక లాగినా గ్రాఫ్ట్ కదల్లేదు. పక్కు పట్టి లాగినప్పుడు మాత్రం ఐదో రోజు దాకా గ్రాఫ్ట్ కూడా వచ్చేసింది, ఆ ప్రమాదం తగ్గుతూ తగ్గుతూ ఎనిమిదో రోజు దాకా ఉంది, తొమ్మిదో రోజుకి పోయింది. మీరు పరుగెత్తారు, పక్కులు పీకలేదు. తొందరపడ్డ మాట నిజమే, కానీ ఆ ఇరవై నిమిషాల్లో నష్టం జరిగిందనుకోవడానికి ఆధారం లేదు.

చెమట, ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు తీసిన గ్రాఫ్ట్‌లని చాలాచోట్ల సెలైన్‌లోనే ఉంచుతారు, తర్వాత కొన్ని రోజులు దాన్నే స్ప్రే చేసుకోమంటారు. సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పు నీళ్లు. చెమటలో ఉండే ఉప్పు దానికంటే తక్కువే. మరి చెమట పట్టేంత శ్రమ వద్దని ఎందుకంటారు? చెమటకి పక్కులు నానుతాయి, దురద పుడుతుంది, చెయ్యి తనకు తెలియకుండానే తల మీదికి పోతుంది. అసలు నష్టం చేసేది గోళ్లు, టవలూ. దానికి తోడు, ఇంకా పూర్తిగా మూసుకోని వేల చిన్న గాయాల మీద తడి ఎక్కువసేపు నిలిస్తే సూక్ష్మజీవులు చేరి చీము పొక్కులు రావచ్చు. మీకు పన్నెండో రోజు కాబట్టి, పక్కులన్నీ పోయి తల శుభ్రంగా కనిపిస్తోందంటే చెమట గురించి ఇక పెద్దగా భయపడక్కర్లేదు. ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంటే క్లినిక్ వాళ్లు చెప్పిన షాంపూ నురుగుని పది నిమిషాలు తల మీద ఉంచి, వేలి కొసలతో మెల్లగా నిమిరి కడగండి. గోరు తగలకూడదు.

మీ ఫ్రెండ్స్ ఇద్దరూ చెరో మాట ఎందుకు చెప్పారంటే, తల మీద మానాల్సింది ఒక్కటే గాయం కాదు. ముందు భాగంలో నాటిన గ్రాఫ్ట్‌లు గట్టిపడాలి, దానికి పది రోజులు చాలు. పైన చర్మం మూసుకుని పక్కులు రాలాలి, దానికి రెండు వారాల దాకా పడుతుంది, ఎరుపు ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. ఇక తల వెనక భాగం, గ్రాఫ్ట్‌లు తీసిన చోటు. దాని గురించి అందరూ మర్చిపోతారు. మీ ఎఫ్‌యూఈలో అక్కడ ఒక మిల్లీమీటరు కూడా ఉండని చిన్న చిన్న రంధ్రాలే పెడతారు కాబట్టి త్వరగానే మూసుకుపోతాయి. కానీ కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, ఆ ప్రాంతం మొద్దుబారినట్టు ఉంటుంది. దెబ్బ తగిలినా, ఎండకి కాలినా, బెంచీకి రాసుకుని చర్మం చిట్లినా మీకు వెంటనే తెలియదు. అందుకే ఏ వ్యాయామం గురించైనా 'ఎన్నో రోజు' అని అడిగే ముందు, అది తలలో ఏ భాగానికి ఏం చేస్తుందో చూడాలి. ఒత్తుతుందా, రాస్తుందా, లాగుతుందా, నానబెడుతుందా, రక్తపోటు పెంచుతుందా?

జిమ్ విషయంలో చూడాల్సింది ఈ చివరిదే. బరువెత్తేటప్పుడు మనం ఊపిరి బిగబడతాం, ముఖం ఎర్రబడుతుంది, కణతల దగ్గర నరాలు ఉబ్బుతాయి. 1985లో వచ్చిన ఒక అధ్యయనంలో బాడీబిల్డర్ల చేతి ధమనిలోనే గొట్టం పెట్టి రక్తపోటు కొలిచారు. రెండు కాళ్లతో బరువైన లెగ్ ప్రెస్ చేస్తున్న ఆ కొద్ది క్షణాల్లో అది సగటున 320/250 దాకా వెళ్లింది. తలలో కొత్త గాయాలున్న మనిషికి ఇది ఎందుకు మంచిది కాదో వేరే చెప్పక్కర్లేదు. మొదటి వారంలో ఇలా చేస్తే నెత్తురు కారొచ్చు, నుదుటి మీదికి, కళ్ల కిందికి దిగే వాపు ఎక్కువ కావచ్చు. ఐదో రోజు జిమ్‌కి వెళ్లిన మీ ఫ్రెండ్‌కి ఏమీ కాలేదంటే సంతోషమే. అక్కడ ఏం ఎత్తాడో, ఎన్ని గ్రాఫ్ట్‌లు పోయాయో అతనికి కూడా తెలియదు.

ఇవాళ్టి నుంచి వేగంగా నడవండి, కదలని సైకిల్ తొక్కండి. పక్కులు పూర్తిగా రాలాక, అంటే రెండు వారాలు దాటాక, మెల్లగా జాగింగ్ చేయొచ్చు. మూడో వారంలో బరువులు పట్టుకోవచ్చు, కానీ మీరు మామూలుగా ఎత్తేదాంట్లో సగం చాలు. ఊపిరి బిగబట్టకూడదు, ఎత్తేటప్పుడు వదిలేయాలి. ఊపిరి బిగబట్టకుండా ఎత్తలేకపోతున్నారంటే ఆ బరువు మీకు ఇప్పుడు ఎక్కువన్నమాట. నాలుగు వారాలు దాటాక కొంచెం కొంచెం పెంచుకుంటూ పాత బరువులకి వెళ్లండి.

కొన్ని వ్యాయామాల్లో బరువు కంటే పడుకునే తీరు, పట్టుకునే తీరు ఇబ్బంది పెడతాయి. బెంచ్ ప్రెస్‌లో మీ తల వెనక భాగం, అంటే సరిగ్గా గ్రాఫ్ట్‌లు తీసిన చోటు, గరుకు బెంచీకి ఒత్తుకుని రాసుకుంటుంది. పైగా ఆ బెంచీ మీద మీకంటే ముందు పదిమంది చెమట. మెత్తటి, ఉతికిన టవల్ వేసుకోండి, ఇంకో రెండు వారాలు బెంచ్ ప్రెస్‌ని వదిలేసి నిలబడి చేసేవి చేసుకుంటే ఇంకా మేలు. సిట్-అప్స్‌లో చేతులు తల వెనక పెట్టి లాగే అలవాటుంటే ఇప్పుడు మానుకోండి. డెడ్‌లిఫ్ట్‌లో తల కిందికి వంగి, ఊపిరి బిగిసి, పట్టు కోసం మెడ కూడా బిగుస్తుంది. అన్నీ ఒకేసారి. దాన్ని ఆఖరున మొదలుపెట్టండి.

చాలామందికి తోచని సంగతి ఇంకొకటి ఉంది. బిగుతుగా ఉండే టీ షర్టుని తల మీదుగా లాగి తీయడం. వ్యాయామం అంతా జాగ్రత్తగా చేసి, చివర్లో తడిసి ఒంటికి అతుక్కున్న టీ షర్టుని ముందు వెంట్రుకల మీదుగా బలంగా లాగేస్తారు. ఇంకో వారం పాటు బొత్తాలున్నదో, జిప్ ఉన్నదో వేసుకోండి.

ఇప్పుడు మీ టోర్నమెంట్. మీరు ఆడే నాటికి ఆపరేషనై దాదాపు ఐదు వారాలవుతుంది. గాయాలు మామూలుగా మాని ఉంటే, మీకు చేసిన సర్జన్ సరేనంటే, ఎఫ్‌యూఈ తర్వాత ఐదో వారంలో బ్యాడ్మింటన్ ఆడటంలో తప్పులేదు. నన్నడిగితే ఆడమనే అంటాను. కాకపోతే టోర్నమెంట్ రోజునే మొదటిసారి కోర్టులోకి దిగకండి. మూడో వారంలో ఒంటరిగా సర్వీసులు, నెట్ దగ్గర చిన్న షాట్లు, ఫుట్‌వర్క్. నాలుగో వారంలో ఎదురుగా ఒకరితో పూర్తి ఆట. ఆ తర్వాతే డబుల్స్.

డబుల్స్‌ని చివరికి ఎందుకు పెట్టానంటే, అందులో భయం షటిల్ గురించి కాదు, పార్ట్‌నర్ రాకెట్ గురించి. ఇద్దరి మధ్యలోకి వచ్చిన షటిల్‌కి ఇద్దరూ చెయ్యి విసిరితే ఫ్రేమ్ వచ్చి ఎవరి నుదుటికో తగులుతుంది. పార్ట్‌నర్‌కి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అన్న మాట వాడక్కర్లేదు, 'తలకి చిన్న ప్రొసీజర్ అయ్యింది, మధ్య షటిల్స్ నువ్వే తీసుకో' అంటే చాలు. అది కూడా చెప్పకపోతే మీరు ఆట మధ్యలో తల కాపాడుకుంటూ వెనక్కి జంకుతారు, పాయింట్లూ పోతాయి. ఒకవేళ దెబ్బ తగిలి నెత్తురొస్తే శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి పది నిమిషాలు ఎత్తి చూడకుండా నొక్కి పట్టుకోండి. రుద్దకండి. ఆగకపోయినా, తోలు లేచినా ఆట ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇక తల తిరగడం, వాంతులు, మగతలాంటివి ఉంటే గ్రాఫ్ట్‌ల సంగతి పక్కన పెట్టి తల దెబ్బగానే చూపించుకోవాలి.

హెడ్‌బ్యాండ్ వేసుకునే అలవాటుందా? దాని ఎలాస్టిక్ సరిగ్గా మీ కొత్త హెయిర్‌లైన్ మీదే కూర్చుంటుంది. గంటసేపు చెమటతో తడిసి అక్కడే రాసుకుంటూ ఉంటుంది. ఈ టోర్నమెంట్‌కి దాన్ని ఇంట్లో వదిలేయండి. బదులుగా మణికట్టు బ్యాండుతో నుదుటి కింది భాగం మాత్రం తుడుచుకోండి. తల మీద చెమటని టవల్‌తో అద్దాలి గానీ రుద్దకూడదు. ఆట అయ్యాక ఆ చెమటతో గంటలు గంటలు కబుర్లు చెప్పుకుంటూ కూర్చోకుండా గోరువెచ్చని నీళ్లతో, ధార బలంగా లేకుండా కడుక్కోండి. ఆవిరి స్నానం, సౌనా మాత్రం ఒక నెల వద్దు.

స్విమ్మింగ్‌కి నాలుగు వారాలు పూర్తిగా ఆగండి, టోర్నమెంట్ అయ్యాకే అనుకోండి. క్లోరిన్ కొత్త చర్మాన్ని పొడిబారుస్తుంది, మండిస్తుంది. చెరువు, నది, సముద్రం నీళ్లలో క్రిములుంటాయి. ఇవి పోను, రబ్బరు టోపీ ఒకటుంది. తొడిగేటప్పుడు, ఊడదీసేటప్పుడు వెంట్రుకలని ఎలా పీకుతుందో ఈత కొట్టేవాళ్లకి తెలిసే ఉంటుంది. మొదట్లో టోపీ లేకుండా కాసేపు ఈదండి, వెంటనే మంచినీళ్లతో తల కడుక్కోండి.

బయట ఆడేవాళ్లకి ఎండ సమస్య. మానుతున్న చర్మం ఎండకి నల్లబడి మచ్చలు ఉండిపోవచ్చు, మొద్దుబారిన చోట కాలుతున్నట్టు తెలియకపోవచ్చు కూడా. మూడు నెలల దాకా వదులుగా ఉండే టోపీ పెట్టుకోవడమో, పొద్దున్నే, సాయంత్రం ఆడుకోవడమో మంచిది. క్రికెట్ హెల్మెట్ లాంటి బిగుతు వాటికి, ఫుట్‌బాల్‌లో తలతో కొట్టడానికి, కబడ్డీ, కుస్తీ, బాక్సింగ్ లాంటివాటికి ఆరు వారాల దాకా ఆగమనే చెబుతాను.

రక్తప్రసరణ పెరిగితే జుట్టు బాగా వస్తుందని శీర్షాసనం మొదలుపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి. నాటిన చోటే ఒంటి బరువంతా ఆన్చి నిలబడితే కుదుళ్లకి అందే రక్తం పెరగదు సరికదా, నొక్కుకుపోతుంది. గ్రాఫ్ట్‌లకి కావలసిన రక్తనాళాలు మొదటి కొన్ని రోజుల్లో వాటంతట అవే అల్లుకుంటాయి, తలకిందులైతే ఆ పని తొందరగా జరగదు.

ఎఫ్‌యూటీ పద్ధతిలో, అంటే తల వెనక నుంచి చర్మం పట్టీ కోసి కుట్లు వేయించుకున్న పాఠకులు ఇది చదువుతుంటే, పైన చెప్పిన గడువులు మీకు వర్తించవు. కుట్లు విప్పడమే పది నుంచి పద్నాలుగు రోజులకి. విప్పాక పైకి మానినట్టే ఉంటుంది, కానీ మూడో వారంలో ఆ అతుకుకి మామూలు చర్మం బలంలో మూడో వంతు కూడా ఉండదు, మూడు నెలలకి దాదాపు 80 శాతం వస్తుంది. ఈలోపు మెడ వంచి లాగే ప్రతి పనీ, సిట్-అప్స్, భుజాల మీద బార్ పెట్టి స్క్వాట్స్, ష్రగ్స్, ఆ గీతని అటూ ఇటూ లాగుతుంది. కుట్టు తెగకపోయినా మచ్చ వెడల్పవుతుంది, తర్వాత జుట్టు పొట్టిగా కత్తిరించినప్పుడు కనిపిస్తుంది. నడక, సైకిల్‌కి రెండు వారాలు, మెడ మీద పడని తేలిక బరువులకి నెల, మెడని లాగే వ్యాయామాలకి కనీసం రెండు నెలలు, వీలైతే మూడు.

క్రియేటిన్ గురించి. దాని మీద ఉన్న భయమంతా 2009లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం నుంచి పుట్టింది. రగ్బీ ఆటగాళ్లకి క్రియేటిన్ ఇస్తే రక్తంలో డీహెచ్‌టీ అనే హార్మోన్ పెరిగింది. బట్టతలకి కారణమయ్యే హార్మోన్ అదే కాబట్టి కథ అక్కడి నుంచి పాకింది. ఆ అధ్యయనంలో ఎవరి జుట్టునీ లెక్కపెట్టలేదు, పెరిగిన స్థాయి కూడా మామూలు పరిమితిలోనే ఉంది. అదీగాక మీకు నాటినవి తల వెనక నుంచి తీసిన కుదుళ్లు. అవి డీహెచ్‌టీకి అంతగా లొంగవు. ఎక్కడ నాటినా తమ పాత గుణమే నిలుపుకుంటాయని అమెరికన్ చర్మ వైద్యుడు నార్మన్ ఒరెంట్రైక్ 1959లో చూపించిన సంగతి మీదే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అంతా నడుస్తోంది. బరువులెత్తితే టెస్టోస్టెరాన్ పెరిగి నాటిన జుట్టు పోతుందన్న మాటకీ ఇదే జవాబు. మిగిలి ఉన్న పాత జుట్టు పల్చబడటం వేరే విషయం, దానికి డాక్టర్ రాసిన మందులు వాడుతూ ఉండాలి. క్రియేటిన్ వాడుకోవచ్చు. వ్యాయామానికి ముందు తాగే కెఫీన్ ఎక్కువున్న పొడులు మాత్రం ఇంకో రెండు వారాలు పక్కన పెట్టండి, అవి గుండె వేగాన్ని, రక్తపోటుని పెంచుతాయి. జుట్టు కోసం వాడే మినాక్సిడిల్ మందుని మాత్ర రూపంలో వేసుకుంటున్నట్టయితే ఆడేటప్పుడు గుండె దడ, కళ్లు తిరగడం ఉన్నాయేమో గమనించి డాక్టర్‌కి చెప్పండి.

ఫిట్‌నెస్ పోతుందన్న బాధ కూడా మీ ఉత్తరంలో పైకి చెప్పకుండానే కనిపిస్తోంది. బాగా శిక్షణ ఉన్న అథ్లెట్లు వ్యాయామం పూర్తిగా ఆపేస్తే మూడు వారాల్లో వాళ్ల ఏరోబిక్ సామర్థ్యం 7 శాతం దాకా తగ్గినట్టు 1984 నాటి ఒక అధ్యయనంలో తేలింది. కండబలం అంతకంటే నెమ్మదిగా తగ్గుతుంది. మీరు నడక, సైకిల్ వదలడం లేదు కాబట్టి అంత కూడా పోదు. మొదటి రెండు మ్యాచ్‌లలో ఆయాసం వస్తుంది, అంతే.

రెండు మూడు నెలల తర్వాత తల మీద చిన్న చిన్న మొటిమల్లాంటివి లేస్తే చెమట వల్ల ఇన్ఫెక్షన్ వచ్చిందని బెదిరిపోకండి, చాలాసార్లు అవి కొత్త వెంట్రుక చర్మాన్ని పొడుచుకుని రావడం వల్లే. నొప్పి రోజురోజుకీ పెరగడం, చీము, జ్వరం, నాటిన చోట చర్మం నల్లగా మారడం, వీటిలో ఏది కనిపించినా ఏ వారమైనా సరే ఆ రోజే క్లినిక్‌కి వెళ్లాలి.

ఈలోపు క్లినిక్‌కి మూడు ఫోటోలు పంపండి: ముందు నుంచి, పైనుంచి, తల వెనక నుంచి, వెలుతురులో తీసినవి. వాటితో పాటు 'ఎక్సర్‌సైజ్ ఎప్పుడు' అని అడక్కుండా 'రెండు వారాల తర్వాత జాగింగ్, మూడో వారంలో సగం బరువులు, ఐదో వారంలో డబుల్స్, ఆ తర్వాత స్విమ్మింగ్, వీటిలో నాకు ఏది వద్దు?' అని రాయండి. మీ తలని దగ్గర్నుంచి చూసింది వాళ్లే కాబట్టి, నేను ఇచ్చిన గడువుల కంటే వాళ్లు ఎక్కువ ఆగమంటే వాళ్ల మాటే వినండి.